నార్మల్ కాన్పులు మిడ్‌వైఫ్ చేతుల్లో పెట్టొచ్చా? మీరేమంటారు?

పానగల్ గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

మా చెల్లెకు ఎనిమిదో నెల. తొలి కాన్పు. నల్లగొండలో సర్కారు దవాఖానలోనే చూపిస్తున్నాం. మొన్న చెకప్‌లో "బీపీ, షుగర్ ఏం లేవు, బిడ్డ తల కిందికే ఉంది, నొప్పులొస్తే మిడ్‌వైఫ్ సిస్టర్ చూసుకుంటది, అవసరమైతేనే డాక్టర్ వస్తరు" అన్నారట. అంతే, ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. "డాక్టర్ లేకుండా కాన్పేంది, ప్రైవేటుకు పోదాం" అని బావ వాళ్లు. "మీరు ముగ్గురూ మంత్రసాని చేతిలోనే పుట్టిన్రు, ఏమైంది?" అని మా అమ్మ.

నాకు రెండూ నచ్చలేదు. ఆనాటి మంత్రసానికీ ఈనాటి మిడ్‌వైఫ్‌కూ పోలికే లేదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి కొంతకాలం పనిచేసిన నర్సులకు కాన్పుల మీదే మళ్లీ 18 నెలల ట్రైనింగ్ ఇస్తారు. కేంద్రం 2018లో దీనికి మార్గదర్శకాలు తెచ్చింది. మన రాష్ట్రం అంతకుముందే, 2017లో, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో మొదలుపెట్టింది.

ఇక ప్రైవేటు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో 81.5, సర్కారులో 44.5. దేశం మొత్తం మీద 21.5. నూటికి ఎనభై మందికి కడుపు కోయాల్సిన అవసరం మన ఆడోళ్లకే ఎందుకొచ్చింది?

నా ఓటు మిడ్‌వైఫ్‌కే. అయితే పక్కనే ఓటీ (ఆపరేషన్ గది), రక్తం, పిలిస్తే వచ్చే డాక్టర్ ఉన్నచోట మాత్రమే. లేబర్ రూంలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.

మిర్యాలగూడ మిల్లు

ఒక్క డాక్టర్లనే అంటే ఎట్లన్నా? పంతులుతో ముహూర్తం రాయించుకుని "మంగళవారం పొద్దున 9:40కి తియ్యాలె" అని పోయేది మనోళ్లే. మా ఇంట్లో ఇద్దరు పుట్టింది అట్లనే. జాతకం మాత్రం ఇంకా పనిచెయ్యలే.

లేబర్ రూం సిస్టర్

నేను మిడ్‌వైఫ్ ట్రైనింగ్ చేశాను. ఇప్పుడు పాలమూరు వైపు పనిచేస్తున్నా. ఊరు, దవాఖాన పేరు రాయను.

ముందు లేబర్ రూంలో ఏం మారిందో చెప్తా. మేం నర్సింగ్ చదివేటప్పుడు పార్టోగ్రాఫ్ అని, కాన్పు ఎంతదాకా వచ్చిందో గుర్తులు పెట్టే కాగితం మీద ఒక గీత ఉండేది. గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటర్ చొప్పున తెరుచుకోవాలి, గీత దాటితే టెన్షన్ మొదలు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్క అందరికీ వర్తించదని చెప్పింది. అసలైన నొప్పుల దశ 5 సెంటీమీటర్ల నుంచే మొదలైనట్టు లెక్క. 2020లో కొత్త ఛార్టు కూడా తెచ్చింది, లేబర్ కేర్ గైడ్ అని. అందులో బిడ్డ గుండె, తల్లి బీపీతో పాటు పక్కన తోడు ఉన్నారా, తాగడానికి ఏమైనా ఇచ్చారా, ఏ భంగిమలో ఉంది అని కూడా రాయాలి. 3 సెంటీమీటర్ల దగ్గర అడ్మిట్ చేసుకుని సాయంత్రానికల్లా "ముందుకు పోవట్లేదు" అని ఓటీకి తీసుకుపోయిన కేసులు నేను బోలెడు చూశాను. వాళ్లకు అసలు నొప్పులు అప్పటికి మొదలే కాలేదు.

మా గదిలో తొలిచూలు అమ్మాయిని మంచానికి కట్టేసినట్టు వెల్లకిలా పడుకోబెట్టం. తిరగమంటాం. మోకాళ్ల మీద వంగి మంచం రెయిలింగ్ పట్టుకుంటే వాళ్లమ్మ నడుం కింది ఎముక మీద అరచేత్తో గట్టిగా అదిమి పడుతుంది. నొప్పి పోదు గానీ ఓర్చుకోగలుగుతుంది. కొబ్బరినీళ్లు, పల్చటి జావ తాగనిస్తాం. అందరికీ కోత పెట్టి కుట్లు వేసే అలవాటు లేదు, అవసరమైన వాళ్లకే. బిడ్డ పుట్టి ఏడ్చాక బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి గానీ కట్టం. ఏడవకపోతే మాత్రం ఆలస్యం చెయ్యం, వెంటనే ఊపిరి అందించే పని చూస్తాం.

ఇదంతా డాక్టర్లు చెయ్యలేనిది కాదు. వాళ్లకు టైం ఉండదు. ఆరేడు గంటలు ఒకే మనిషి పక్కన కూర్చోవడమే మా పని.

గైనిక్ పీజీ

సిస్టర్ చెప్పిన వైద్యపు మాటల్లో నేను కాదనేది ఒక్కటీ లేదు. నా భయం వేరే.

"లో రిస్క్" అనేది కాన్పు అయిపోయాక చెప్పగలిగే మాట. రిస్కు లేదనుకున్న తల్లికే కాన్పు తర్వాత రక్తం ఆగకపోవచ్చు. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంటే చేతిలో ఉండేది నిమిషాలే. పైగా మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది, అదే సర్వే లెక్క 53.2 శాతం. ఒంట్లో రక్తమే లేని మనిషికి అర లీటరు పోయినా ఎక్కువే.

రెండోది, ఇంగ్లండ్‌ను చూడండి. మిడ్‌వైఫ్ వ్యవస్థ పాతుకుపోయిన దేశం. అక్కడ ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రుల మీద 2022లో ఒకెండెన్ నివేదిక వచ్చింది. వైద్యం సరిగా అంది ఉంటే 201 మంది శిశువులు బతికి ఉండేవాళ్లేమో అని తేల్చింది. అది చెప్పిన కారణాల్లో ఒకటి, ఎట్లాగైనా నార్మలే కావాలన్న పట్టుదల. తక్కువ సిజేరియన్ల శాతాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దని అదే ఏడాది అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఆసుపత్రులకు చెప్పింది. మనం సరిగ్గా దానికి ఎదురు పోతున్నాం. నెలనెలా రివ్యూ మీటింగులో "మీ దగ్గర సిజేరియన్లు ఎంత శాతం?" అని నిలదీస్తారు. 2022లో నార్మల్ కాన్పులకు ప్రోత్సాహకం కూడా ప్రకటించారు. ఆ ఒత్తిడి కింద పనిచేసే నర్సు డాక్టర్‌ను పిలవడానికి ఇంకో అరగంట ఆగదని గ్యారంటీ ఏంటి?

పానగల్ గట్టు

ఒకెండెన్ సంగతి నాకు తెలియదు డాక్టర్ గారూ, మంచి పాయింట్. కానీ ఆ నివేదిక తప్పు పట్టింది మిడ్‌వైఫ్‌లు ఉండటాన్నా, లేక అక్కడ డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు కలిసి పనిచేయకపోవడాన్నా? రెండింటికీ తేడా ఉంది కదా.

గైనిక్ పీజీ

సిబ్బంది కొరత, ట్రైనింగ్ లోపం, తల్లుల మాట వినకపోవడం, జరిగిన పొరపాట్లను సరిగా విచారించకపోవడం, అన్నీ ఉన్నాయి. మీరన్నది సగం నిజం. మిగతా సగం కోసమే నేను రాసింది.

పాలమూరు పిల్ల

మీరంతా శాతాలు మాట్లాడుతున్నారు కాబట్టి కాన్పైన మనిషిగా ఒక మాట. పేరు చెప్పను గానీ మా దగ్గర ఒక పెద్ద దవాఖానలో నా మొదటి కాన్పు నార్మలే. నొప్పులకు అరిస్తే ఆయమ్మ తొడ మీద కొట్టింది. "అప్పుడు తెల్వదా" అన్న మాటను ఇక్కడ చాలామంది ఆడవాళ్లు విని ఉంటారు. ఒకామె కడుపు మీద మోచేత్తో నొక్కింది. మా అమ్మను తలుపు బయటే ఆపేశారు. అడగకుండానే కోత, కుట్లు. రెండోదానికి నేనే ప్రైవేటుకు పోయి ఆపరేషన్ చెయ్యమని అడిగా. ముహూర్తం కోసం కాదు మిల్లు అన్నా, భయంతో.

సిస్టర్ అక్క రాసిన గది నిజంగా ఉంటే నేను మిడ్‌వైఫ్ దగ్గరికే పోయేదాన్ని. ఆడవాళ్లు ఆపరేషన్ ఎందుకు అడుగుతున్నారో ఎవరూ అడగరు.

మిర్యాలగూడ మిల్లు

చెల్లెమ్మా, నేను వెటకారానికి అన్నది. నీ మాట నిజం.

లేబర్ రూం సిస్టర్

అమ్మా, అట్లా కడుపు మీద నొక్కొద్దని ఇప్పుడు పుస్తకాల్లోనే రాసి ఉంది. కొట్టడం, తిట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు. అయినా జరుగుతోంది. ఒక్క సిస్టర్ మీద ఐదు మంచాలు వేస్తే మొదట పోయేది ఓపికే. ఇది సమర్థన కాదు.

డాక్టర్ గారి రక్తస్రావం ప్రశ్నకు వస్తా. ఇన్నాళ్లూ రక్తం ఎంత పోయిందో కంటిచూపుతో అంచనా వేసేవాళ్లం. "బట్టలు బాగా తడిసినయ్" అని కేస్‌షీట్‌లో రాస్తే ఎంతని అర్థం? ఇప్పుడు కాన్పు కాగానే నడుం కింద పరిచే ప్లాస్టిక్ షీట్ ఉంది. కింద సంచిలా ఉంటుంది, దాని మీద మిల్లీలీటర్ల గీతలు. రక్తం అందులోకి జారుతుంది, గీత చూసి చెప్పొచ్చు. ఈ షీట్‌తో కనిపెట్టి, వెంటనే గర్భసంచి మర్దన, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తం ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కడినుంచి వస్తోందో పరీక్ష, అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏమవుతుందని కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో చూశారు. 2 లక్షల పైచిలుకు కాన్పులు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయని 2023లో ఫలితాలు వచ్చాయి. అక్కడ ఆ పని చేసిన వాళ్లలో ఎక్కువమంది మిడ్‌వైఫ్‌లు, నర్సులే.

500 మిల్లీలీటర్లు దాటేదాకా ఆగొద్దు, 300 దగ్గరే నాడి గానీ బీపీ గానీ తేడాగా ఉంటే మొదలుపెట్టండి అని 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రక్తహీనత ఉన్న మన తల్లులకు ఇది ఎంత పెద్ద మార్పో డాక్టర్ గారికి తెలుసు. కాబట్టి ముందు నర్సు మొదలుపెట్టాలి, ఆ వెంటనే డాక్టర్ రావాలి. డాక్టర్ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిల్చునే పద్ధతే ప్రమాదం.

దేవరకొండ తండా

మీ చర్చంతా పెద్ద దవాఖాన పక్కన ఉన్నోళ్ల చర్చ. మా తండా నుంచి దేవరకొండకు ఆటో. అక్కడ "మత్తు డాక్టర్ లేడు" అంటే నల్లగొండకు 102లోనో 108లోనో 60 కిలోమీటర్లు. అటు నల్లమలలో అమ్రాబాద్ మీది పెంటల (చెంచు గూడేల) నుంచి చెంచులు అచ్చంపేట దాకా రావాలి. మాకు డాక్టరా మిడ్‌వైఫా అన్న ప్రశ్నే లేదు. నిజంగా నేర్చుకున్న మిడ్‌వైఫ్‌ను మా దగ్గర పెడితే రెండు చేతులా మొక్కుతాం. పక్కన ఓటీ ఉన్నచోటే అనే మీ షరతు మాకు శాపం అయితది, పానగల్ అన్నా.

పానగల్ గట్టు

అన్నా, ఆ షరతు మీకు అడ్డం పెట్టాలని కాదు. కానీ మీ దగ్గర రక్తం ఆగకపోతే 60 కిలోమీటర్లు పోవాలి కాబట్టే భయం. మీకు కావాల్సింది మిడ్‌వైఫ్‌తో పాటు మత్తు డాక్టర్ కూడా. మిడ్‌వైఫ్‌ను ఇచ్చాం కదా అని ఆ పోస్టు ఖాళీగా వదిలేస్తే ఎట్లా?

దేవరకొండ తండా

ఇప్పటికే ఖాళీగా ఉంది గదా.

రిటైర్డ్ ఏఎన్ఎం

నాయనలారా, కొడుకు ఫోన్లో చూసి రాయిస్తున్న. మీరు అందరూ ఒక సంగతి మర్చిపోయిన్రు. పద్దెనిమిది నెలలు ట్రైనింగ్ ఇచ్చి తెచ్చిన సిస్టర్‌ను ఎక్కడ వేస్తున్నరు? నాకు తెలిసిన అమ్మాయి మిడ్‌వైఫ్ చదివి వస్తే ఆరు నెలలు కాకముందే క్యాజువాలిటీకి మార్చిన్రు. సూపరింటెండెంట్‌ను అడిగితే "నర్సు నర్సే గదా, సిబ్బంది లేరు" అన్నడట. 2024 జనవరి ఆఖర్ల ఎల్బీ స్టేడియంల ఏడు వేలకు కొంచెం తక్కువ మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చిన్రు, సంతోషమే. ఆ కొత్తోళ్లను వార్డులకు పంపి, నేర్చిన వాళ్లను లేబర్ రూంలనే ఉంచొచ్చు గదా. పొయ్యి కాడ వంటోన్ని బండి నడపమన్నట్టు ఉన్నది.

గైనిక్ పీజీ

అమ్మ చెప్పింది వందశాతం నిజం. లెక్క కూడా చూడండి. కాన్పు రెండో దశలో, అంటే ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నాక, బిడ్డ గుండెను ఐదు నిమిషాలకోసారి వినాలి. అంతకుముందు పావుగంట నుంచి అరగంటకోసారి. ఒకే సిస్టర్‌కు ఇద్దరు ఒకేసారి ఆ దశకు వస్తేనే కష్టం, ముగ్గురొస్తే ఎవరి గుండె వింటుంది? టీచింగ్ ఆసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు అని నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. రాత్రి డ్యూటీలో అది ఎక్కడ కనపడుతుందో చూపించండి.

నాకు మిడ్‌వైఫ్ మీద అపనమ్మకం లేదు సిస్టర్. సంతకం ఎవరిదన్నదే నా ప్రశ్న. 2023 చట్టంతో పాత నర్సింగ్ కౌన్సిల్ స్థానంలో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ అన్నారు, పేరులోనే మిడ్‌వైఫరీ వచ్చింది, మంచిదే. కానీ మా వార్డులో రేపు బిడ్డకు ఏదైనా అయితే బంధువులు కాలర్ పట్టుకునేది డ్యూటీ డాక్టర్‌నే. నేను చూడని కేసుకు నేను జవాబుదారీనా?

లేబర్ రూం సిస్టర్

మా మీదికీ వస్తారు డాక్టర్ గారూ, మీకంటే ముందు మేమే ఎదురుగా ఉంటాం. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే "పొద్దున చూద్దాం" అన్న డాక్టర్లూ ఉన్నారు. తెల్లారి కేస్‌షీట్‌లో ఆ ఫోన్ సంగతే ఉండదు.

గైనిక్ పీజీ

ఉన్నారు. కాదనను.

నిర్వాహకుడు

వైద్యులు, నర్సులు అని వర్గాలుగా తిట్టుకున్న రెండు వ్యాఖ్యలు తీసేశాం. దవాఖానల పేర్లు, వ్యక్తుల పేర్లు రాయకండి.

లేబర్ రూం సిస్టర్

సంతకం ప్రశ్నకు నా దగ్గర పెద్ద జవాబు లేదు, చిన్న పద్ధతి ఉంది. కేస్‌షీట్‌లో రెండు గడులు పెట్టండి. డాక్టర్‌ను పిలిచిన టైం, డాక్టర్ వచ్చిన టైం. ఏ గుర్తులు కనిపిస్తే పిలవాలో ముందే గోడ మీద అంటించండి. ఉమ్మనీరు పచ్చగా ఉంటే, బిడ్డ గుండె నిమిషానికి 110 కంటే తగ్గినా 160 దాటినా, బీపీ పెరిగితే, రక్తం 300 దగ్గరికొస్తే. అది చూసి నేను పిలవకపోతే తప్పు నాది. పిలిచాక రాకపోతే మీది. మీ వాళ్లు ఒప్పుకుంటారా?

గైనిక్ పీజీ

నేను ఒప్పుకుంటా. రెండో గడికి మా హెచ్ఓడీ (విభాగం హెడ్) ఒప్పుకుంటారని మాత్రం అనుకోను. సోమవారం మీటింగులో అడిగి ఏమన్నారో ఇక్కడే రాస్తా.

పాలమూరు పిల్ల

మూడో గడి కూడా అడగండి. లోపలికి తోడు ఎవరిని రానిచ్చారు, రానివ్వకపోతే ఎవరు ఆపారు.