సియాటిల్‌లో ఓర్కాల బోటు టూర్: అమ్మను తీసుకుపోవచ్చా?

పెన్నేటి పిల్ల (అనంతపురం):

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో అమ్మను తీసుకుని సియాటిల్‌లో ఉండే మా అన్న దగ్గరికి పోతున్నాం. అన్న ఇప్పటి నుంచే ఓర్కాలను, అదే కిల్లర్ వేల్‌లను చూపించే బోటు టూర్‌కి టికెట్లు తీస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఒక్కొక్కరికి నూట యాభై డాలర్ల దాకా అవుతుందట, రూపాయల్లో లెక్కేసుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

డబ్బు సంగతి అన్న చూసుకుంటాడులే, నా టెన్షన్ అమ్మ గురించి. తిరుమల ఘాట్ రోడ్డులో రెండు మలుపులు తిరిగేసరికి కవరు చేతిలోకి తీసుకునే మనిషి. మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు వేరే. దానికి తోడు ఓర్కాలు పడవలను గుద్ది ముంచుతున్న వీడియో ఎవరో వాట్సాప్‌లో పంపారు, అప్పటి నుంచి "నన్ను చేపలకు మేత వేయడానికా అమెరికా పిలిచింది" అని ఒకటే గోల. అసలు కనపడతాయా, కనపడకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, అమ్మ లాంటివాళ్లు ఎక్కగలరా? పోయొచ్చినవాళ్లు చెప్పండి. బ్రోచర్‌లో రాసింది నేనూ చదివాను, అది వద్దు.

గండికోట కుర్రోడు (జమ్మలమడుగు, ఇప్పుడు సియాటిల్ దగ్గర):

అక్కా, ముందు ఆ వీడియో సంగతి. అది స్పెయిన్, పోర్చుగల్ పక్కన, జిబ్రాల్టర్ జలసంధి చుట్టూ తిరిగే చిన్న గుంపు పని. 2020 నుంచి తెరచాప పడవల చుక్కానిని కొరకడం, గుద్దడం మొదలుపెట్టాయి, కొన్ని పడవలు మునిగాయి కూడా. ఇక్కడి ఓర్కాలకు ఆ అలవాటు లేదు. స్వేచ్ఛగా తిరిగే ఓర్కా మనిషిని చంపినట్టు ఎక్కడా నిర్ధారణ అయిన కేసు లేదు. చంపినవి కొలనులో బంధించి ఆటలాడించినవే. అమ్మకు ఈ ముక్క చెప్పండి.

ఇక కనపడటం. ఇక్కడ రెండు రకాలు తిరుగుతాయి, అవి ఒకదానితో ఒకటి కలవవు. ఒకటి సదరన్ రెసిడెంట్లు, చేపలే తింటాయి, అందులోనూ చినూక్ సాల్మన్ అంటే ప్రాణం. ఆ సాల్మన్ తగ్గిపోయింది, ఓడల చప్పుడు, నీటిలో విషాలు తోడయ్యాయి, ఇప్పుడు ఆ ఓర్కాలు 75 లోపే మిగిలాయి. 2018లో జె35 అనే తల్లి చనిపోయిన బిడ్డను 17 రోజులు తల మీద మోసుకుని తిరిగింది, మీరూ వార్తల్లో చూసే ఉంటారు, అది ఈ గుంపుదే. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో ఏ పడవైనా వీటికి 1000 గజాల దూరంలో ఉండాలని చట్టం. కాబట్టి టూర్ బోటు వీటిని చూపించదు, చూపిస్తామని ఎవడైనా అంటే ఆ కంపెనీ జోలికి పోవద్దు.

రెండోది బిగ్స్ ఓర్కాలు. 1970లలో రెక్క, దాని వెనక బూడిదరంగు మచ్చ ఫోటోలు తీసి ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టే పద్ధతి తెచ్చిన కెనడా శాస్త్రవేత్త మైకేల్ బిగ్ పేరు పెట్టారు. ఇవి సీల్‌లు, సీ లయన్‌లు, డాల్ఫిన్ లాంటి పోర్పస్‌లను వేటాడతాయి. సీల్‌లకు ఇక్కడ కొదవ లేదు కాబట్టి ఇవి బాగా పెరిగాయి, టూర్లలో కనపడేవి దాదాపు ఇవే. వీటి దగ్గరికైనా 200 గజాల లోపలికి పోకూడదు. అంత దూరం నుంచి ఏం కనపడుతుంది అనుకోవద్దు. మగదాని వీపు రెక్క ఒక్కటే ఆరడుగులు, అది లేచినప్పుడు నీళ్లలోంచి మనిషి నిలువునా పైకొచ్చినట్టు ఉంటుంది. ఇంజిన్ ఆపేస్తే ఊపిరి వదిలే శబ్దం బోటు దాకా వినపడుతుంది, ఆ శబ్దం వినే మా అత్త "అయ్యో, అలసిపోయినట్టుంది పాపం" అంది.

సియాటిల్ రేవు నుంచే ఎక్కితే పోయి రావడానికే సగం రోజు. దానికన్నా అనకోర్టెస్ దాకా కారులో గంటన్నర పోయి అక్కడ ఎక్కితే సాన్ హువాన్ దీవుల మధ్యకు తొందరగా చేరతారు, దీవులు అడ్డం ఉంటాయి కాబట్టి అలలు కూడా తక్కువ. పెద్ద బోటు, లోపల కూర్చోవడానికి గది, టాయిలెట్ ఉన్నది తీయమనండి. జోడియాక్ అని రబ్బరు పడవలు ఉంటాయి, ఎగిరెగిరి పడతాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అసలు వద్దు. "గ్యారంటీ" అని రాసి ఉంటే చాలావరకు ఇంకోసారి ఉచితంగా ఎక్కించుకుంటారు అని అర్థం, డబ్బు చేతికిచ్చేది కాదు. మీరు ఉండేది కొన్ని వారాలే కాబట్టి టూర్‌ను చివరి రోజుల్లో పెట్టుకోవద్దు, మొదట్లోనే పెట్టుకుంటే రెండో అవకాశం వాడుకోవచ్చు.

మందుల కొట్టు (ప్రొద్దుటూరు):

ప్రయాణంలో వాంతులకు మన దగ్గర జనం అడిగేది అవోమిన్. పనిచేస్తుంది, కానీ నిద్ర ముంచుకొస్తుంది, నూట యాభై డాలర్లు పోసి బోటులో గురకపెడితే మీ అన్నకు కోపం రాదా. అక్కడ మెక్లిజిన్ అని చీటీ లేకుండానే అమ్ముతారు, అదీ కొంచెం మత్తు ఇస్తుంది గానీ చాలామందికి తక్కువ. ఏ మాత్రైనా బోటు కదలకముందు గంట ముందే వేయాలి, వాంతి మొదలయ్యాక మింగితే అదీ బయటికే వస్తుంది. అమ్మకు బీపీ మాత్రలు ఉన్నాయి కాబట్టి, కళ్లలో నీటికాసులు ఉంటే మరీ ముఖ్యంగా, ఇక్కడే మీ డాక్టరును అడిగి రాయించుకుని పోండి. ఇంట్లో ఏ పనీ లేని రోజు ఒకటి వేసి చూస్తే ఆమెకు ఎంత మత్తు వస్తుందో తెలిసిపోతుంది.

పొద్దున మీ అన్న ప్రేమగా ఉగ్గాని బజ్జి చేసి పెడతాడేమో, ఆ రోజుకు వద్దు. ఖాళీ కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు.

బురుజు నీడ (కర్నూలు):

ఈ బోటు టూర్లకే నేను ఒప్పుకోను. మాది అమెరికా అనుభవం కాదు, శ్రీలంకలో మిరిస్సా నుంచి నీలి తిమింగలాలు చూడ్డానికి పోయాం. అక్కడ సముద్రం ఒడ్డు నుంచి కొంచెం పోగానే ఒక్కసారిగా లోతైపోతుంది, అందుకే అంత పెద్ద జంతువు తీరానికి అంత దగ్గరగా వస్తుంది, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజను. మేము చూసింది మాత్రం ఒక తిమింగలం, దాని చుట్టూ పడవలు. అది తోక ఎత్తి మునిగిందంటే చాలు, ఎక్కడ తేలుతుందో అని అన్ని పడవలూ ఒకేసారి ఇంజిన్లు పెంచి పరుగు. అదే దారిలో పెద్ద ఓడలు కూడా పోతుంటాయి. చూసినందుకు సంతోషపడాలో సిగ్గుపడాలో మా ఆవిడకూ నాకూ ఇప్పటికీ తేలలేదు. చిలికాలో సాతపడా దగ్గర ఇరావడి డాల్ఫిన్ల వెనకా ఇదే తంతు, ముక్కు లేని గుండ్రటి తల, సిగ్గరి జంతువు, వీపు కనపడగానే మోటారు పడవ దాని మీదికే పోనిస్తారు, ఎందుకంటే దగ్గరగా చూపించినోడికే టిప్పు.

ఓర్కాలు చప్పుడుతోనే దారి వెతుక్కుంటాయి, చేప ఎక్కడుందో కూడా చప్పుడుతోనే తెలుసుకుంటాయి. అక్కడ ఇంజిన్ రొద పెడితే వాటికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. 200 గజాలు, 1000 గజాలు అని కాగితం మీద బాగానే ఉంటాయి.

పెన్నేటి పిల్ల:

బురుజు సార్, మీరు చెప్పింది చదివాక అమ్మ కన్నా నాకే మనసు ఒప్పడం లేదు. ఒడ్డు మీద నిలబడి చూసే చోటు ఏదైనా ఉందా? గండికోట తమ్ముడూ, నీకు తెలిసి ఉంటుంది కదా.

గండికోట కుర్రోడు:

ఉంది అక్కా. సాన్ హువాన్ దీవిలో లైమ్ కిల్న్ పాయింట్ అని స్టేట్ పార్కు, లైట్‌హౌస్ పక్కన రాళ్ల మీద కూర్చుంటే ఒక్కోసారి ఒడ్డుకు ఆనుకునే పోతాయి. అనకోర్టెస్ నుంచే ఫెర్రీ, కారుతో సహా ఎక్కొచ్చు, ఫెర్రీ కదలిక అంతగా తెలియదు కాబట్టి అమ్మకూ ఇబ్బంది ఉండదు. కాకపోతే రోజంతా కూర్చున్నా సముద్రం తప్ప ఏమీ కనపడని రోజులే ఎక్కువ. ఒకప్పుడు ఎండాకాలమంతా అక్కడ సదరన్ రెసిడెంట్లు తిరిగేవి, సాల్మన్ తగ్గాక రావడం బాగా తగ్గింది. ఇది ఒప్పుకునే పోవాలి.

బురుజు అన్నతో సగం ఏకీభవిస్తాను. ఇక్కడా పడవలు గుమిగూడతాయి, లేదని అనను. కానీ ఆ సదరన్ రెసిడెంట్లకు అసలు దెబ్బ తగిలింది టూరిస్టుల వల్ల మాత్రమే కాదు. 1970 ఆగస్టులో ఇక్కడి పెన్ కోవ్ అనే చోట వలలు వేసి ఏడు పిల్లలను పట్టి అక్వేరియంలకు అమ్మారు, అందులో ఒకటి 2023లో మయామీ కొలనులోనే చచ్చిపోయింది. ఆనాటి పిల్లలు సముద్రంలోనే ఉండి ఉంటే ఇవాళ గుంపు ఇంత చిన్నగా ఉండేది కాదు. చూసి ఇష్టపడిన జనమే తర్వాత ఆ పట్టడాన్ని ఆపించారు. అందుకే పూర్తిగా వద్దనలేను, మంచి బోటు చూసి ఎక్కమంటాను. బుక్ చేసే ముందు మీ అన్నను ఒక ఫోన్ చేయమనండి: "సదరన్ రెసిడెంట్లు ఎదురైతే ఏం చేస్తారు?" అని అడగాలి. వెంటనే పక్కకు తిప్పుకుని వేరేచోటికి పోతాం అని తడుముకోకుండా చెప్పారంటే సరే. ఓర్కాలు లేని రోజు కూడా హంప్‌బ్యాక్ తిమింగలాలు సెప్టెంబరులో బాగా ఉంటాయి, నీళ్ల మీద తేలే బోయా గుర్తుల మీద ఎక్కి అరిచే సీ లయన్‌లు, బట్టతల గద్దలు ఎలాగూ కనపడతాయి.

బోటులో అమ్మను కింది అంతస్తు మధ్యలో కూర్చోబెట్టండి, అక్కడ ఊపు తక్కువ. వెనక చివర అయితే డీజిల్ వాసన కొడుతుంది. ఫోన్‌లోకి, కెమెరాలోకి చూస్తూ ఉండకుండా దూరంగా నీళ్లు, ఆకాశం కలిసేచోట చూడమనండి. సెప్టెంబరు కదా అని పల్చటి శాలువాతో రావద్దు, నీళ్ల మీద గాలి కోస్తుంది, స్వెటర్ మీద గాలి ఆపే కోటు, చెవులకు టోపీ కావాలి.

పెన్నేటి పిల్ల:

అన్నకు ఫోన్ చేసి చెప్పాను. మొదటి వారంలో లైమ్ కిల్న్‌కి ఫెర్రీ, అమ్మకు నీళ్ల మీద ప్రయాణం పడుతుందో లేదో అక్కడే తేలుతుంది. పడితేనే పెద్ద బోటు, లేదంటే నేను, వదిన పోతాం, అన్న అమ్మ దగ్గర ఉంటాడట. మందుల కొట్టు సార్, డాక్టరు అపాయింట్‌మెంట్ సోమవారానికి దొరికింది, మెక్లిజిన్ పేరు కాగితం మీద రాసి పెట్టుకున్నా.

మందుల కొట్టు (ప్రొద్దుటూరు):

మంచిది అమ్మా. బీపీ మాత్రలు మాత్రం పెద్ద పెట్టెలో వేయొద్దు, చేతి సంచిలో పెట్టుకోండి, చీటీ కూడా దాంతోనే ఉండాలి.