రంపచోడవరం కొండల్లో జీడి తోటలు, పోడు చేలు: డెల్టా నుంచి వెళ్లినవాడిగా నా సందేహం

ప్రశ్న (అంబాజీపేట ప్రాంతం నుంచి ఒక సభ్యుడు)

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. వ్యవసాయ శాస్త్రంలో డిగ్రీ పూర్తిచేసి, ప్రస్తుతం రంపచోడవరం ఏజెన్సీలో కొండరెడ్లు, కోయలు నివసించే గ్రామాలలో తోటల పెంపకానికి సంబంధించిన ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే తొలకరికి ఏ గ్రామంలో ఎన్ని ఎకరాలలో జీడిమామిడి అంట్లు నాటించాలో ప్రతిపాదన రాసి ఇవ్వవలసిన బాధ్యత నాపై ఉంది. ఆ అంకె ఏం వేయాలో తేల్చుకోలేక, డెల్టా సంగతీ కొండల సంగతీ ఎరిగినవారు చెబుతారన్న ఆశతో ఇక్కడ అడుగుతున్నాను.

ముందుగా పోడు గురించి చెప్పాలి. వేసవి రాకముందే వాలు మీద పొదలు నరికి, ఎండనిచ్చి, తగలబెట్టి, తొలకరి పడగానే ఆ బూడిద నేలలో సామ, కొర్ర, జొన్న, కంది, బొబ్బర కలిపి వేస్తారు. చేను ఒకటే గాని కోతలు చాలా. సామలు ముందుగా ఇంటికి చేరితే జొన్న ఆ తరువాత, కంది అన్నిటికన్నా చివర వస్తాయి. వాన ఒక పంటను దెబ్బతీసినా మరొకటి నిలబడుతుంది. సార్వా, దాళ్వా వరి చేల మధ్య పెరిగిన నాకు ఎకరానికి ఎన్ని బస్తాలని అడగడమే అలవాటు. అక్కడి ఆడవారు ఆ లెక్క చెప్పరు, ఈ గింజలు ఏ నెల దాకా వస్తాయో చెబుతారు. గింజలు అడుగంటిన రోజుల్లో అడవి దుంపలు, మామిడి టెంక అంబలి ఆదుకుంటాయి. టెంకలు పగలగొట్టి, లోపలి పప్పును బుట్టలకెత్తి వాగు నీటిలో ఉంచి, వగరు పోయాక ఎండబెట్టి పిండి చేసుకుంటారు. అంత ఓపిక, అంత తెలివిడి ఉన్న పనిని నివేదికలో ‘వెనుకబాటుతనం’ అనే గడిలో పడేయడానికి నాకు మనసొప్పడం లేదు.

అలాగని జీడి వల్ల మేలు లేదనలేను. అంటు మొక్కలు మూడో ఏటికల్లా కాపుకు వస్తాయి, ఎండాకాలం పొడుగునా పిక్కలు రాలుతాయి, చేతిలో నగదు ఆడుతుంది. ఆ డబ్బుతో పిల్లలను హాస్టలు చదువుల తరువాత కాలేజీకి పంపినవారు ఉన్నారు, రేకుల ఇల్లు వేసుకున్నవారు ఉన్నారు. కాని చెట్లు గుబురెక్కిన తరువాత కింద సామా పండదు, కందీ పండదు. పూత మీద మంచు కురిసి, రసం పీల్చే టీ దోమ అనే పురుగు కూడా తగిలితే ఆ ఏడు నగదూ ఉండదు, గాదెలో గింజా ఉండదు. అప్పుడు సంతలో షావుకారు దగ్గర బియ్యం, ఉప్పు, మిరపకాయలు అప్పుగా తెచ్చుకుంటారు. మరుసటి ఏటి పిక్కలు ఇంకా చెట్టు మీద ఉండగానే ఆయన చెప్పిన ధరకు ఆ అప్పు కింద జమ అయిపోతాయి.

కాలవగట్టున పుట్టినవాడివి కొండలెక్కి ఏం బావుకుంటావని మా అమ్మ అడుగుతూనే ఉంది. మా పెదనాన్నగారి వాదన వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే మన సీమ అన్నపూర్ణ అయింది కాబట్టి, కొండలకు కూడా నీరు, రోడ్డు, డబ్బు వచ్చే పంట ఇస్తే చాలునని ఆయన నమ్మకం. డెల్టా లెక్క కొండకు సరిపోతుందా? సరిపోదంటే నేను ఏ లెక్కన ప్రతిపాదన రాయాలి?

సమాధానం 1 (కొత్తపేట, విశ్రాంత వ్యవసాయాధికారి)

బాబూ, ఆనకట్ట గురించి మీ పెదనాన్నగారు అన్నమాట నిజమే, కాని ఆయన 2011ను లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. ఆ ఏడు కోనసీమ రైతులు సార్వా నాట్లు మానుకుని క్రాప్ హాలిడే ప్రకటించారు. నీరు, తారురోడ్డు, రైసుమిల్లు, బ్యాంకు అన్నీ ఉన్న చోట, కూలీ, ఎరువు ఖర్చులు పెరిగి, వచ్చిన ధర గిట్టుబాటు కాక రైతు స్వయంగా నాగలి పక్కన పెట్టాడు. కౌలు రైతు సంగతి అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు మీ ఊరి పక్కనే ఉన్నది కదా, కాయ ధర దింపు తీయించిన రైతు చెప్పినట్టు పలుకుతుందా, కొనేవారు చెప్పినట్టు పలుకుతుందా మీకే తెలుసు. కనుక డెల్టాను చూసి నేర్చుకోవలసినది దిగుబడి ఒక్కటే కాదు, ధర చేయి దాటిపోతే దిగుబడి ఉన్నవాడు కూడా ఎలా కూలబడతాడన్నది.

కొండల్లో భూమికి రక్షణ ఉన్నది. 1970 నాటి 1/70 నిబంధన ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. పంటకు మాత్రం అటువంటి కంచె లేదు. భూమి కాగితం మీద గిరిజనుడిదే అయినా దానిపై పంట అప్పు రూపంలో షావుకారుదే అవుతున్నదని మీరే రాశారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, అడ్డాకు, కుంకుడుకాయ, కొండచీపుర్లు కొంటుంది. దాని వల్ల వచ్చిన పెద్ద ప్రయోజనం, సంతలో ఇంకొక కొనుగోలుదారు నిలబడటం. జీడిపిక్కలకు మీ ప్రాంతంలో అటువంటి రెండో కొనుగోలుదారు ఉన్నాడో లేడో చూసి గాని ఎకరాలు రాయకండి.

సాంకేతికంగా ఒక మాట. వాలు మొత్తం జీడితో నింపవద్దు. వరసల మధ్య దూరం పెంచి, చెట్లు గుబురెక్కేంత వరకు ఆ నడుమ కంది, సామ వేయించండి. ఆ తరువాత కూడా కొమ్మలు కత్తిరిస్తూ ఉంటే కొంత నేలకైనా వెలుగు దక్కుతుంది. ఇంటికి దగ్గరగా ఉన్న తిండిగింజల చేను జోలికి మాత్రం వెళ్లకండి.

సమాధానం 2 (మలికిపురం, ఏజెన్సీ ఆసుపత్రిలో పనిచేసిన నర్సు)

తమ్ముడూ, పెద్దాయన చెప్పినదానితో నాకు పేచీ లేదు గాని, రోడ్డును అంత తేలికగా పక్కన పెట్టేయడం నాకు నచ్చలేదు. నెలలు నిండిన మనిషిని డోలీలో మోసుకొస్తుంటే చూసినవారు ఎవరూ రోడ్డు తరువాత అనరు. గట్టి కర్రకు దుప్పటి రెండు కొసలా ముడివేస్తారు, ముందొకరు వెనకొకరు భుజం పెడతారు, మార్చుకోవడానికి మరి ఇద్దరు పక్కన నడుస్తారు. వాగు పొంగితే అంబులెన్సు అవతలి గట్టునే నిలబడిపోతుంది. కాన్పు తేదీకి ముందే గర్భిణులను తీసుకొచ్చి ఉంచే వసతి గృహాలు వచ్చాక కొంత నయమే, కాని ఇంట్లో చంటిపిల్లలను వదిలి అన్నాళ్లు రావడం ఎంతమందికి కుదురుతుంది?

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు కూడా ఏజెన్సీలో ఉంది. కీళ్లనొప్పులతో మెలికలు తిరిగిపోతున్న పిల్లవాడిని సమయానికి కిందికి దించలేకపోతే, పోడు గొప్పదా జీడి గొప్పదా అనే చర్చ ఆ తల్లికి ఏం ఉపయోగం? ఆ జబ్బు కోసం 2023లో జాతీయ స్థాయిలో ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టారు, పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. కార్డు ఇచ్చిన తరువాత మాత్రలు నెలనెలా అందాలన్నా దారి ఉండాలి.

మీ జీడి విషయంలో నేను గమనించినది ఒకటే. చెట్టు కింద వంగి పిక్కలు ఏరేది, పండు నుంచి మెలితిప్పి విడదీసేది ఆడవారు, సంతకు తీసుకువెళ్లి డబ్బు లెక్కపెట్టుకునేది మగవారు. పోడు గింజ గాదెలో ఉంటే తాళం ఆమెది. నగదు ఎవరి జేబులో పడుతుందో చూడకుండా కుటుంబ ఆదాయం పెరిగిందని రాయకండి. డబ్బు వచ్చిన ఇళ్లలో కూడా కోటా బియ్యం, నీళ్ల పప్పు తప్ప కంచంలో ఇంకేమీ లేని రోజులు నేను చూశాను.

సమాధానం 3 (మారేడుమిల్లి మండలం, రాజమహేంద్రవరంలో చదువుకుంటున్న కొండరెడ్డి విద్యార్థి)

మా గురించి ఇంత శ్రద్ధగా రాసినందుకు సంతోషం. అయితే గ్రామసభ అన్న మాట ఇంతవరకు ఒక్కరూ ఎత్తలేదు. 1996 నాటి పీసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం మా ఊరిలో అమలు చేసే పథకాన్ని ఆమోదించవలసినది, లబ్ధిదారులను గుర్తించవలసినది గ్రామసభే. మీరు ఎన్ని ఎకరాలని రాయాలో ఇక్కడి పెద్దలను అడిగారు గాని, మా ఊరిలో కూర్చుని అడిగినట్టు మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. కోపంతో అనడం లేదు అన్నయ్యా, మా దగ్గరికి వచ్చే ప్రతి పథకమూ ఎకరాల అంకెతో సహా తయారై వస్తుంది. మొక్కలేమో వానలు వెనకపట్టిన తరువాత వస్తాయి, సగం ఎండిపోతాయి, గిరిజనులు పెంచలేదని రాసుకుపోతారు.

పోడే చేసుకుంటూ ఉండండని మమ్మల్ని మెచ్చుకునేవారన్నా నాకు భయమే. మా నాయనమ్మ పేర అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చింది. 2006లో ఆ చట్టం రాకముందు అదే చేను దున్నినందుకు మావాళ్లు కేసులకు తిరిగారు. ఇప్పుడు ఆ నేలలో కొంత జీడి వేశాము, కొంత కందికి ఉంచాము. అది మా ఇంటి నిర్ణయం. దేవీపట్నం వైపు పోలవరం ముంపు గ్రామాలవారిని కాలనీలకు తరలించినప్పుడు పక్కా ఇళ్లు ఇచ్చారు. అక్కడ అడ్డాకు ఎక్కడ కోసుకోవాలి, తేనె ఎక్కడ తీయాలి, మేకలను ఎక్కడ మేపాలి? ఇంటి నమూనా ఎవరో గీసి ఇచ్చినప్పుడు ఇలాంటివి అందులో ఉండవు.

మాకు కావలసినది ఏమిటో నేనే చెబుతాను. ఊరిలోనే ఒక కాటా కావాలి. సంతలో బస్తాకు ఇంత అని తరుగు తీస్తారు, పచ్చి ఉందని మళ్లీ కొంత తీస్తారు, ఆ తరువాత పాత అప్పు తీస్తారు. మా ఊరి కాటా మీద తూచి చీటీ రాసుకుని వెళితే కనీసం మొదటి రెండింటి గురించి వాదించగలము.

అడిగినవారు

తమ్ముడూ, మీ ప్రశ్న న్యాయమైనదే. ప్రతిపాదనలో ఎకరాల గడి గ్రామసభ తీర్మానం తరువాతే నింపుతానని పై అధికారికి రాశాను. ఒప్పుకుంటారో లేదో చూడాలి. కాటాతో పాటు పిక్కలు ఎండబెట్టే కళ్లం కూడా అడగవచ్చునా, దాని వల్ల ధరలో నిజంగా తేడా వస్తుందా? జీడిపప్పు వ్యాపారం తెలిసినవారు ఎవరైనా చెప్పగలరా?

సమాధానం 4 (మోరి నుంచి, జీడిపప్పు పని తెలిసినవారు)

తేడా వస్తుందండి. పిక్కలలో సుమారు నాలుగో వంతు మాత్రమే పప్పు దిగుతుంది, అది కూడా పిక్క బాగా ఎండితేనే. పచ్చి పిక్క బస్తాలో వేడెక్కి, లోపల పప్పు మచ్చపడుతుంది. కొట్టినప్పుడు గుండు, అంటే విరగని పప్పు, రాదు, బద్దలు, ముక్కలు వస్తాయి. గుండుకు ఉన్న ధర ముక్కకు ఉండదు కనుక కొనేవాడు ఆ నష్టాన్ని ముందే తరుగులో వేసుకుంటాడు. పండు కోసి పిక్క తీయకుండా, రాలినవే ఏరి, రెండు మూడు రోజులు మంచి ఎండలో తిరగబోస్తూ ఆరబెట్టి, గోనె సంచులలో చెక్కల మీద నిలవ చేస్తే ఆ తరుగును కొంతవరకు అడ్డుకోవచ్చు. సిమెంటు కళ్లం ఒకటి, వాన వస్తే కప్పడానికి టార్పాలిన్లు ఉంటే చాలు.

పప్పు కొట్టే యూనిట్టే కొండ మీద పెడదామనుకుంటే మాత్రం తొందరపడకండి. పెంకు నూనె తగిలితే చేతులు కాలి తోలు ఊడుతుంది, మా దగ్గర ఆడవారు చేతులకు నూనె, బూడిద రాసుకుని కూర్చుంటారు. బాయిలరు, కరెంటు, పని నేర్చిన చేతులు అన్నీ కుదరాలి. ముందు ఎండబెట్టి, సైజుల వారీగా వేరుచేసి, పది ఇళ్ల సరుకు ఒక్కచోట కలిపి అమ్మి చూడండి. ఒక లారీకి సరిపడా సరుకు ఉన్నదంటే కొనేవాడే ఫోను చేస్తాడు. అప్పుడు ధర అడగండి, కాని షావుకారు పాత బాకీలు తీరకపోతే ఆ లారీకి సరుకు చేరదు. బాకీల లెక్క ఇంటింటికీ ఇప్పుడే రాసుకోండి, పూత రాకముందే.