నల్లమల ఘాట్‌లో ఆవిరి రైలు కావాలా, ఉన్న ప్యాసింజర్ బాగుపడితే చాలా?

గుంతకల్లు లోకో కాలనీ:

మొన్న దసరా సెలవుల్లో పిల్లలతో ఊటీ రైలు ఎక్కాం. పొద్దున ఏడు దాటాక మెట్టుపాళయంలో కదిలింది. 46 కిలోమీటర్ల దారికి దాదాపు ఐదు గంటలు. కల్లార్ దాటాక పట్టాల మధ్య పళ్ల కమ్మీ మొదలవుతుంది. ఇంజన్ వెనక నుంచి నెడుతుంటే, దాని పళ్లచక్రం ఆ కమ్మీని పట్టుకుని మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. 12 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచే ఎత్తు అది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన దారి, 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

కూనూరులో ఇంజన్ పక్కన నిలబడ్డాను. వేడి నూనె, ఆవిరి కలిసిన వాసన. మా జేజినాయన (తాత) డ్యూటీ దిగి ఇంటికొస్తే అదే వాసన వచ్చేది. ఆయన గుంతకల్లు షెడ్డులో, ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్. పట్టాల మధ్య మీటరు వెడల్పే ఉన్న మీటర్ గేజ్ రోజుల్లో నంద్యాల మీదుగా గిద్దలూరు వైపు పోయేవాడు. ఆయన కుడి ముంజేతి మీద వెంట్రుక ఒక్కటి కూడా ఉండేది కాదు. ఫైర్‌బాక్స్ తలుపు తెరిచి బొగ్గు వేసిన ప్రతిసారీ మాడిపోయేవని చెప్పేవాడు.

నా ప్రశ్న సూటిగా అడుగుతా. మధ్యప్రదేశ్‌లో పాతాళ్‌పానీ–కాలాకుండ్ మధ్య, రాజస్థాన్‌లో మార్వాడ్ నుంచి ఖామ్లీఘాట్‌కు హెరిటేజ్ రైళ్లు నడుపుతున్నారు. మన నంద్యాల–దిగువమెట్ట మధ్య నల్లమల అడవి ఉంది, బొగద (సొరంగం) ఉంది. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా శని, ఆదివారాల్లో ఒక ఆవిరి ఇంజన్, నాలుగు పాత పెట్టెలతో బండి నడపాలని మనం ఎందుకు అడగకూడదు?

ప్రొద్దుటూరు టీచర్:

మీ జేజినాయన సంగతి చదివితే కళ్లు చెమర్చాయి అన్నా. అయినా నేను ఒప్పుకోను.

ఎర్రగుంట్ల–నంద్యాల లైను 1996–97లో మంజూరైతే, రైలు కూత వినబడింది 2016లో. 123 కిలోమీటర్లకు ఇరవై ఏళ్లు. కరోనా తర్వాత ప్యాసింజర్ బండ్లను ఎక్స్‌ప్రెస్‌ల లెక్కలో వేసి కనీస టికెట్టును 10 నుంచి 30 రూపాయలు చేశారు. మళ్లీ 10కి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. ఆ మధ్య కాలంలో మా బడికి రోజూ రైల్లో వచ్చే ఇద్దరు పిల్లలు వారానికి మూడు రోజులే వచ్చారు. కారణం అడిగితే తలలు దించుకున్నారు.

అలాంటి సీమలో, డబ్బున్నవాళ్లు వారాంతానికి ఫొటోలు తీసుకునే బండి కోసం మనం అర్జీ పెట్టాలా? అర్జీ పెట్టే ఓపిక కూడా మనకు కొంతే ఉంటుంది. దాన్ని దేనికి ఖర్చు పెడుతున్నామో చూసుకోవాలి.

కీమ్యాన్ కొడుకు:

నేను గాజులపల్లెలో పెరిగాను, ఇప్పుడు కర్నూలులో ఉంటున్నా. మా నాయన ఆ ఘాట్ సెక్షన్‌లోనే కీమ్యాన్. భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్ర జెండా, పచ్చ జెండా. రోజూ పట్టాల వెంట నడిచి, వదులైన కీలను కొట్టి బిగించడమే ఆయన పని. కాబట్టి దారి గురించి నేను చెప్పేది కొంచెం వినండి.

అన్నా, మీరు చెప్పిన పాతాళ్‌పానీ, మార్వాడ్ లైన్లు వేరే రకం. అవి వెడల్పాటి బ్రాడ్ గేజ్‌గా మార్చకుండా మిగిలిన మీటర్ గేజ్ ముక్కలు. వాటి మీద వేరే ఒత్తిడి లేదు, చిన్న బండి నెమ్మదిగా పోవచ్చు. మనది గుంటూరు–గుంతకల్లు మెయిన్ లైను. గూడ్సులు, ఎక్స్‌ప్రెస్‌లు ఒకదాని వెనక ఒకటి. పైన 25,000 వోల్టుల తీగ. బొగ్గు సర్దడానికి ఫైర్‌మ్యాన్ ఇంజన్ వెనక బొగ్గు ఉండే టెండర్ పెట్టె ఎక్కి, ఇనప కడ్డీ కొంచెం పైకెత్తితే ప్రాణం పోతుంది.

ఇంకో మాట. మీ జేజినాయన పోయిన దారి ఇప్పుడు లేదు. ఆ మీటర్ గేజ్ లైను లోయను దాటిన దొరబావి వంతెన ఇనుము ఎప్పుడో విప్పేశారు, దిమ్మెలే మిగిలాయి. బ్రాడ్ గేజ్ వేరే దారిలో కొత్త బొగద గుండా పోతుంది. అంటే పాత ఇంజన్ తెచ్చినా అది పాత దారిలో పోదు.

అడవి సంగతి సరేసరి. చుట్టూ ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. నిప్పురవ్వలు చిమ్మే ఇంజన్‌ను అటవీశాఖ ఎట్లా ఒప్పుకుంటుంది?

గుంతకల్లు లోకో కాలనీ:

తమ్ముడూ, నిప్పు గురించి ఒక్క మాట. నేనడిగిన బండి మొదలయ్యేది శరత్తులో. శరత్తు అంటే సినిమాల్లో, విదేశీ ఫొటోల్లో చూసినట్టు ఎర్రటి ఆకులు రాలే కాలం కాదు మనకు. మన లెక్కలో ఆకు రాలేది శిశిరంలో. ఆశ్వయుజ, కార్తీకాల్లో నల్లమల వానకు తడిసి పచ్చగా ఉంటుంది, వాగులు పారుతుంటాయి. నిప్పు భయం ఫిబ్రవరి, మార్చి నెలల్లో. నేను అక్టోబరు అని ఊరికే అనలేదు. ఊటీ వైపు అదే సమయంలో ఈశాన్య రుతుపవనాలకు కొండచరియలు పడి బండ్లు రద్దవుతుంటాయి. మనకు ఆ బెడద తక్కువ.

బ్రాడ్ గేజ్ ఆవిరి ఇంజన్లు హర్యానాలోని రేవాడీ షెడ్డులో ఇప్పటికీ నడిచే స్థితిలో ఉన్నాయి. ఊటీ దారికి కొత్త ఇంజన్లనే తిరుచ్చి పొన్మలై వర్క్‌షాపులో కట్టారు. చేతనయ్యే పనే అది.

తీగ సంగతి మాత్రం నా దగ్గర జవాబు లేదు. దొరబావి దిమ్మెల గురించి విన్నా గాని, దారి మొత్తం మారిందని ఇంత వివరంగా తెలియదు. రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

కీమ్యాన్ కొడుకు:

నిన్న చెప్పని మాట ఒకటి ఉంది. సీతాఫలాల కాలంలో మా అవ్వ తెల్లారకముందే గంప ఎత్తుకుని స్టేషన్‌కు పోయేది. గంప అడుగున వేపాకు, దాని మీద కళ్లు విచ్చిన కాయలు ఒక వరస, గట్టివి ఒక వరస. మెత్తవి పైన. ప్యాసింజర్ ఎక్కి నంద్యాలలో దిగేలోపే మెత్తవి అమ్ముడుపోయేవి. గట్టివి బజారుకు. ఆ డబ్బులతోనే నా పదో తరగతి ఫీజు కట్టింది.

మీరడిగే బండికి రిజర్వేషన్ ఉంటుంది. మా అవ్వలాంటి మనిషి గంపతో ఎక్కలేదు. ఆ దారిలో శరత్తు అంటే నాకు ఆ గంపే గుర్తొస్తుంది. అది లేని బండిలో అద్దాల్లోంచి అడవిని చూపిస్తామంటే నాకు మనసొప్పదు.

ఆదోని నుంచి:

ఒక దారి ఉంది. 2017లో అరకుకు అద్దాల పెట్టె మొదలుపెట్టినప్పుడు దానికి వేరే బండి వేయలేదు. విశాఖ–కిరండూల్ ప్యాసింజర్‌కే తగిలించారు. మిగతా పెట్టెల్లో సంతకు పోయేవాళ్లు మామూలుగా ఎక్కి దిగారు. గుంటూరు వైపు పగలు పోయే ప్యాసింజర్‌కు మనం కూడా అట్లాంటి ఒక్క పెట్టె అడగొచ్చు కదా? కొత్త టైము అక్కర్లేదు, లైను మీద కొత్త బరువు లేదు, పొగ లేదు.

ప్రొద్దుటూరు టీచర్:

ఇదైతే నేను సంతకం పెడతా. ఒక షరతు. అద్దాల పెట్టె అదనంగా రావాలి, జనరల్ పెట్టె తీసి దాని స్థానంలో పెట్టకూడదు. ఎక్కడైనా మొదట పోయేది జనరల్ పెట్టే. చిన్న స్టేషన్లలో ఆపడం కూడా తగ్గించకూడదు. గాజులపల్లెలో, చెలమలో బండి ఆగితేనే గంప ఎక్కుతుంది.

కీమ్యాన్ కొడుకు:

అక్క చెప్పిందే నాదీ. పైకప్పు అద్దమైతే బొగదలోంచి బయటికొచ్చే క్షణం చూడాలి. చీకటి, చెవుల్లో హోరు, ఒక్కసారిగా కళ్ల మీద పచ్చటి వెలుగు. చిన్నప్పుడు ఆ ఒక్క క్షణం కోసం తలుపు దగ్గర నిలబడి నాయన చేత తిట్లు తిన్నా.

గుంతకల్లు లోకో కాలనీ:

సరే. వేరే బండి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అద్దాల పెట్టె అడుగుదాం, అదీ ప్యాసింజర్‌కే.

ఇంజన్ మీద మాత్రం ఆశ చావలేదు. ఘాట్‌లో వద్దు, తీగ కింద వద్దు. గుంతకల్లులోనే తీగ లేని సైడింగ్‌లో (పక్క పట్టాల మీద), ఏడాదికి ఒక్క ఆదివారం, ఒక పాత ఇంజన్‌లో నిప్పు రాజేసి వంద గజాలు ముందుకూ వెనక్కూ నడిపితే చాలు. ఆ పని తెలిసిన ముసలివాళ్లు మా కాలనీలో ఇంకా కొందరున్నారు. బొగ్గు పలచగా ఎట్లా పరవాలో, పొగ రంగు చూసి నిప్పు ఎట్లా ఉందో వాళ్లే చెప్పగలరు. వాళ్లు ఉండగానే ఎవరో ఒకరు నేర్చుకోవాలి. మా జేజినాయన బతికున్నప్పుడు నేను నేర్చుకోలేదు.

అర్జీ ఈ రాత్రికి రాస్తా. డీఆర్ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసు మా ఇంటికి దగ్గరే, సోమవారం నేనే పోయి ఇచ్చొస్తా.

ప్రొద్దుటూరు టీచర్:

జనరల్ పెట్టె సంగతి మొదటి పేరాలోనే రాయండి అన్నా. ఇంజన్ సంగతికి వేరే కాగితం పెట్టండి. రెండింటి మీదా నా పేరు రాసుకోండి.