"తిన్నావేటి" రెండుసార్లు వస్తే పునరుక్తి దోషమేనా?

మొన్న మా తమ్ముడు అమ్మ మీద రాసిన కవిత గ్రూపులో పెట్టాను కదా, అందరూ ఓపిగ్గా చదివి చెప్పారు, సంతోషం, కానీ అందులో ఒక "తిన్నావేటి" (తిన్నావా అని మా యాస) తీసేయమన్న మాస్టారి కామెంటు మాత్రం అస్సలు ఒప్పుకోలేకపోతున్నాను. చూడనివాళ్ళ కోసం ఆ పాదాలు మళ్ళీ పెడుతున్నా.

మహేంద్రతనయ ఇసకలో వేసవి పాయల్లా
అమ్మ చేతిమీద నరాలు
తలుపు తీస్తూ తిన్నావేటి అంటాది
నా కంచం కడిగి బోర్లిస్తూ
తిన్నావేటి అంటాది

మొదటి రెండు పాదాల్ని పూర్ణోపమ, అంటే నాలుగు భాగాలూ ఉన్న పోలిక, అన్నారొకరు. కాదండి. నరాలు ఉపమేయం, పాయలు ఉపమానం, "లా" ఉపమావాచకం, ఇంతవరకు సరే, మరి సమానధర్మం, అంటే రెండిటికీ కలిసే గుణం, ఎక్కడుంది? సన్నబడ్డమా, వంకర్లు తిరగడమా, వాడు చెప్పలేదు, మనకి ఒదిలేశాడు. నాలుగింట్లో ఒకటి లోపించింది కాబట్టి లుప్తోపమ. మహేంద్రతనయ మా పర్లాకిమిడి ఏరు, పేరులోనే కూతురుంది, ఆ ఏటిని తెచ్చి ముసలి తల్లి చేతిలో పెట్టాడు, అది నాకు భలే నచ్చింది.

అసలు విషయం "తిన్నావేటి". ఒకే మాట రెండుసార్లు, అర్థం కూడా అదే, కాబట్టి పునరుక్తి దోషం, ఒకటి తీసేయమన్నారు మాస్టారు. మాస్టారూ, కోప్పడకండి, కొత్త పనేమీ చెయ్యకుండా చెప్పిందే చెప్తే కదా దోషం, ఇక్కడ మొదటి తిన్నావేటి ఊరినుంచి వచ్చిన కొడుకుని తల్లి అడిగేది, రెండోది ఆ కొడుకు తిన్న కంచం చేతిలో పట్టుకుని అడిగేది, అంటే మతిమరుపు. మాట మారలేదు, అర్థం మారలేదు, తాత్పర్యం మారిపోయింది. లాటానుప్రాస అనే అలంకారానికి ప్రాణం అదే కదా, పోతనగారి "కమలాక్షు నర్చించు కరములు కరములు"లో రెండో కరములు చేసే పని ఇదే కదా, విష్ణువుని పూజించే చేతులే అసలైన చేతులని. లక్షణం ప్రకారం వెంటవెంటనే రావాలి, ఇక్కడ మధ్యలో ఒక పాదం అడ్డొచ్చింది, అందుకని ఆ పేరు పెట్టడానికి మీరు ఒప్పుకోకపోయినా సరే, కానీ తీసేస్తే మాత్రం కవిత చచ్చిపోద్ది. పైగా అమ్మకి మతి తప్పుతోందని వాడు ఒక్క ముక్క కూడా రాయలేదు, కంచం బోర్లించడం ఒక్కటే ఉన్నదున్నట్టు చూపించాడు, దాన్నే స్వభావోక్తి అంటారు.

రాయగడ నుంచి అన్నయ్య ఒకాయన "తిన్నావేటి" యాస, "తిన్నావా" అంటే అందరికీ అర్థమవుద్ది అన్నారు. అన్నయ్యా, 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, బళ్ళో ఒడియా చదూకున్నోళ్ళం, మాకు తెలుగు అంటే ముందు అమ్మ నోట్లోంచి వచ్చిందే. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే మేస్టరీ చేశారు, జనం మాట్లాడే మాట రాతలోకి రావాలని ఆయన అంత పోరాడాక, మా అమ్మ అన్నమాట నేను మార్చలేను.

ఇంకొకటి. నిజానికి అమ్మ ఆ రోజు మూడోసారి కూడా అడిగింది. వాడు "లేదమ్మా" అన్నాడు, అమ్మ బోర్లించిన కంచం మళ్ళీ తిప్పి రెండు గరిటెలు అన్నం పెట్టింది, వాడు తిన్నాడు. ఆ ముక్క కవితలో పెట్టలేదు, పెట్టమని నేనూ అడగలేదు. మాస్టారూ, పెట్టాలంటారా?