అప్‌డేట్: ఏడుగురితో శ్రీశైలం ప్రయాణం, టైర్లలో గాలి ఎంత పెట్టించాను

మహబూబ్‌నగర్ నుంచి శ్రీశైలం వెళ్లాలి, ఏడుగురం, పైన లగేజీ. మా పెద్ద ఎస్‌యూవీ టైర్లలో గాలి ఎంత ఉండాలని ఇంతకుముందు అడిగాను. కొందరు 35 అన్నారు, కొందరు టైరు మీద రాసింది చూడమన్నారు. క్షేమంగా వెళ్లొచ్చాం, అందరికీ థాంక్స్.

జవాబు డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంది. మా బండికి మామూలుగా నాలుగింటికీ 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క), ఫుల్ లోడ్ అయితే వెనక 36. టైరు మీద అచ్చేసిన అంకె ఆ టైరుకి గరిష్ఠ పరిమితి. దయచేసి దాన్ని చూసి గాలి కొట్టించకండి.

అసలు చిక్కంతా ఎండతోనే. స్టిక్కర్ మీదిది చల్లటి టైరు లెక్క, అంటే బండి మూడు గంటలైనా ఆగి ఉండాలి. అందుకే తెల్లవారుజామున ఇంటి దగ్గరే సరిచేసుకున్నాను. కల్వకుర్తి దాటాక బంకులో చూపిస్తే వెనక 40 ఉంది. అక్కడి అబ్బాయి కొంచెం తీసేస్తానన్నాడు, వద్దన్నాను. వేడికి ప్రెషర్ పెరగడం సహజం, ప్రతి 5-6 డిగ్రీలకు సుమారు 1 పీఎస్‌ఐ. అప్పుడు తీసేస్తే చల్లారాక గాలి తక్కువైపోతుంది. తక్కువ గాలితో, నిండు బరువుతో స్పీడుగా పోతే టైరు పక్కగోడలు వంగి వంగి ఇంకా వేడెక్కుతాయి. ఎండాకాలంలో టైర్లు పేలడానికి అదే పెద్ద కారణం. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయం గట్టిగా పట్టించుకోండి.

మన్ననూరు దాటాక ఘాట్ మలుపుల్లో బండి నిలకడగా ఉంది. ఇంటికొచ్చి, మర్నాడు పొద్దున వెనక మళ్లీ 33కి తగ్గించాను.