1704 నాటి ఇంగ్లిష్ డ్రమ్మరు కోటు ఏ రంగు?

ఇంగ్లండు, దాని మిత్రులు ఫ్రెంచివారితో పోరాడిన 1704 బ్లెన్‌హైమ్ యుద్ధంలోని సైనికుల చిన్న బొమ్మలకు రంగులు వేస్తున్న నాకు, కోటు చేతి మడతలు పసుపుగా ఉండే ఒక ఇంగ్లిష్ పదాతి రెజిమెంటు డ్రమ్మరు దగ్గర పని ఆగిపోయింది. 1751 నాటి రాజాజ్ఞ ప్రకారమైతే, సైనికులు ఎర్ర కోటు తొడిగినా, అలాంటి రెజిమెంటు డ్రమ్మరుకు పసుపు కోటు, ఎర్ర మడతలు ఉండాలి. అయితే అది యుద్ధం ముగిసిన 47 ఏళ్ల తరువాతి మాట. ఫ్రెంచి సైన్యంలో రాజు రెజిమెంట్ల డ్రమ్మర్లు రాజపరివారపు నీలి దుస్తులు, తక్కినవారు సాధారణంగా తమ కర్నలు (రెజిమెంటు అధిపతి) ఇంటి సేవకుల దుస్తుల రంగులు ధరించేవారు కనుక, ఇంగ్లండులోనూ అప్పట్లో కర్నలు ఇష్టమే చెల్లేదా అన్నది నా ప్రశ్న. బొమ్మ కోటు అంచు పట్టీ బియ్యపు గింజంత వెడల్పు కూడా లేదు, అయినా తప్పు రంగు వేయడానికి నాకు మనసొప్పడం లేదు. ఆ కాలపు చిత్రపటం గానీ, దుస్తుల కొనుగోలు లెక్కలు గానీ చూసినవారు దయచేసి తెలియజేయగలరు.