నవలకు చెప్పాల్సిన విషయం ఉండాలా? రోబ్-గ్రియే వాదనపై చర్చ

మాధవి:
ఫ్రెంచ్ నవలాకారుడు అలెన్ రోబ్-గ్రియే 1963లో తన వ్యాసాలను 'పూర్ ఆఁ నువో రొమాఁ' (కొత్త నవల కోసం) పేరుతో పుస్తకంగా తెచ్చాడు. పాత్ర, కథ, సందేశం అన్నవాటికి కాలం చెల్లిందట. అసలైన రచయితకు చెప్పడానికి ఏమీ ఉండదట, చెప్పే తీరు ఒక్కటే ఉంటుందట. ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం కోసం సాగిన అల్జీరియా యుద్ధం అంతకు ముందు ఏడాదే ముగిసింది. అంత హింస చూసిన దేశంలో కూర్చుని ఇలా అనడం నాకు బాధ్యత వదిలేయడంగానే కనిపిస్తోంది. మీరేమంటారు?

రఘు:
మాధవి గారూ, ఆ యుద్ధంలో ఆయుధం పట్టనని చెప్పే హక్కును సమర్థిస్తూ 1960లో 121 మంది ఇచ్చిన ప్రకటన మీద ఆయన సంతకం ఉంది. పౌరుడిగా చేయాల్సింది చేశాడు. నవలను మాత్రం ఆ పనికి వాడనన్నాడు.

ఆయన నవల 'లా జలూజీ' (అసూయ, 1957) చదివి చూడండి. అరటి తోటల మధ్య ఒక ఇల్లు. ఇంటావిడనూ, పొరుగు తోట యజమానినీ ఎవరో గమనిస్తుంటారు. అది భర్త అని మనమే పోల్చుకోవాలి, 'నేను' అన్న మాటే రాదు. గోడ మీద నలిపేసిన జెర్రి పదే పదే వస్తుంది, వచ్చినప్పుడల్లా కొంత మారుతుంది. అరటి చెట్లను వరసల వారీగా లెక్కపెడతాడు. అసూయపడ్డాడని ఎక్కడా చెప్పడు, కానీ చదివే మనకు ఊపిరాడదు. 'అతను అసూయతో రగిలిపోయాడు' అని రాస్తే ఇంత టెన్షన్ వస్తుందా? ఆ రూపం తీసేస్తే అక్కడ విషయమే మిగలదు.

మాధవి:
సంతకం విషయం ఒప్పుకుంటాను. మరి ఆ తోటలో పనిచేసే నల్లజాతి కూలీలో? చెట్ల వరసలకు దక్కిన శ్రద్ధ వాళ్లకు దక్కలేదు. ఎవరికీ సొంత కథ లేదు. నన్ను బాధపెట్టేది అదే.

సుధాకర్:
అలా చూసేది ఆ భర్త కదండీ, రచయిత కాదు. చెట్లను లెక్కపెట్టేవాడికి మనుషులు ఆనకపోవడం వలసరాజ్యపు తోట యజమాని చూపు. ఆ చూపులోనే మనల్ని బంధించాడు కాబట్టే అది మనకు తెలుస్తోంది. తర్వాత ఈ నవలను రాజకీయంగా చదివిన విమర్శకులూ ఉన్నారు.

నా అభ్యంతరం వేరు. తన నవలలకు కుదిరిన పద్ధతిని ఆయన నవలలన్నిటికీ తీర్పుగా చెప్పాడు. లోతు అన్న భావననే ఆయన కొట్టిపారేశాడు. అదే నువో రొమాఁ ('కొత్త నవల') ధోరణి కింద లెక్కకొచ్చే రచయిత్రి నతాలీ సరోత్ మాత్రం మాటల అడుగున కదిలే మనసు కోసమే జీవితమంతా వెతికింది. ఆమె నవలలను పాతవని ఎవరనగలరు?